బరువైన ఎలక్ట్రిక్ సైకిల్‌కు ఎలాంటి స్టాండ్ కొనాలి?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఎలక్ట్రిక్ సైకిల్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడానికి ఏ స్టాండ్ కొనాలని అడిగారు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి పని కానిచ్చేద్దాం అనుకోనందుకు సంతోషం. అలా చేస్తే బరువంతా హ్యాండిల్ మీదున్న తెర మీదా, బ్రేకు పిడుల మీదా పడుతుంది. ఆయిల్ బ్రేకులైతే పిడి దగ్గర ఉండే చిన్న ట్యాంకులోని గాలి గొట్టంలోకి చేరి బ్రేకు మెత్తబడవచ్చు.

మామూలు సైకిల్ 10 నుంచి 15 కిలోలుంటే, ఎలక్ట్రిక్ సైకిల్ చాలావరకు 20 నుంచి 30 కిలోలు ఉంటుంది. సామాను మోసే రకం ఇంకా బరువు. అందుకని స్టాండ్ పెట్టె మీద రాసిన కిలోలు చూసి "మనది అంతలోపే కదా" అని కొనేయకండి. పట్టుకున్న చోటికి బరువు ఎంత దూరంలో వేలాడుతోందన్నది అంతకంటే ముఖ్యం. నిండు బకెట్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకోవడం వేరు, చెయ్యి చాచి పట్టుకోవడం వేరు కదా! స్టాండ్ దవడలు సీటు కింది రాడ్డును పట్టుకుంటాయి, సైకిల్ బరువేమో దానికి ముందువైపు లాగుతుంది. 25 కిలోల సైకిల్ బరువు కేంద్రం 30 సెంటీమీటర్లు ముందుకు ఉందనుకోండి, దవడలు తిరిగిపోకుండా 70 న్యూటన్ మీటర్లకు (తిప్పే బలానికి కొలత) పైగా మెలికను, అంటే తిప్పే బలాన్ని, ఆపాలి. నాసిరకం స్టాండ్ బరువు మోస్తుంది గానీ ఈ మెలికకు లొంగిపోతుంది. మీరు గేరు సరిచేస్తూ ఉండగానే ముందు చక్రం మెల్లగా నేలకు దిగుతుంది. కొనేచోట సైకిల్ బిగించి, ముందు చక్రాన్ని చేత్తో కిందికి నొక్కి చూడండి. దవడ కదిలితే ఆ స్టాండ్ వద్దు.

మోటారు వెనక చక్రం హబ్‌లో, అంటే చక్రం నడిమి భాగంలో, ఉంటే ఆ బరువు కొంత వెనక్కి లాగి, మెలిక తగ్గుతుంది. కానీ పంక్చర్ వేయడానికి ఆ చక్రాన్ని విప్పగానే ముందుభాగం ఒక్కసారిగా వంగుతుంది, కాబట్టి పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి.

ఎత్తడం దగ్గరే నడుములు పట్టేస్తాయి. ముందు స్విచ్ ఆపి బ్యాటరీ తీసేయండి, రెండు మూడు కిలోలైనా తగ్గుతుంది. పైగా పని మధ్యలో పొరపాటున యాక్సిలరేటర్ తగిలి చక్రం తిరిగితే డిస్కు అంచుకు వేళ్ళు తెగుతాయి. చక్రాలు నేల మీద ఉండగానే దవడ సీటు రాడ్డు దాకా దిగి పట్టుకుని, తర్వాత స్ప్రింగు సాయంతోనో మోటారుతోనో పైకి లేచే స్టాండ్ అయితే భుజం మీదికి ఎత్తే పని లేదు. ధర ఎక్కువే అనుకోండి. కాళ్ళు బాగా విచ్చుకుని ఉండాలి. రెండు కాళ్ళదైతే సైకిల్ ఆ కాళ్ళ మధ్యకే రావాలి.

ఫ్రేము గొట్టాన్ని మాత్రం దవడల్లో పెట్టకండి. పలుచటి అల్యూమినియం సొట్టపడుతుంది, కార్బన్ పగులుతుంది. లోపల వైర్లు కూడా ఉంటాయి. బటన్ నొక్కితే దిగే రకం సీటు రాడ్డయితే నున్నగా జారే భాగాన్ని వదిలి, కింది భాగాన్నే పట్టించాలి. అక్కడ చోటు లేకపోతే ఈ రకం స్టాండ్ మీకు పనికిరాదు. మామూలు రాడ్డును పైకి లాగినా, దాని మీద గీసిన హద్దు గీత బయటికి కనిపించేంత లాగకూడదు.

ఇంతా చెప్పాక నా మాట వినండి: చైను శుభ్రం చేయడం, నూనె వేయడం, గేర్లు సరిచేయడం వరకే అయితే ఎత్తైన స్టాండ్ అక్కర్లేదు. వెనక ఇరుసును పట్టి చక్రాన్ని నాలుగైదు సెంటీమీటర్లు లేపే పొట్టి స్టాండ్ చాలు. పడినా దెబ్బ చిన్నది, ఎత్తే బాధ లేదు, చిన్న పీట వేసుకుని కూర్చోవచ్చు. హబ్ మోటారు సైకిల్‌కు ఇరుసు పక్కనుంచి వైరు బయటికి వస్తుంది. స్టాండ్ కొక్కెం దాన్ని నొక్కుతోందేమో వంగి చూడండి. సన్నటి కొక్కేలున్నవి తేలిక సైకిళ్ళకు చేసినవి, వాటి జోలికి పోకండి.

కొనే ముందు ఒక పని చేయండి. ముందు చక్రాన్ని ఇంట్లో బరువు చూసుకునే యంత్రం మీదా, వెనక చక్రాన్ని అంతే ఎత్తున్న చెక్క మీదా పెట్టి అంకె రాసుకోండి. తర్వాత వెనక చక్రానికీ అలాగే. రెండూ కలిపితే మొత్తం బరువు, విడిగా చూస్తే బరువు ఏ వైపు ఎక్కువో తెలుస్తుంది. ఆ రెండు అంకెలూ, మోటారు ఎక్కడుందో, సీటు రాడ్డు ఏ రకమో రాసి పంపండి.

మీ తాతయ్య