షట్ డౌన్ నొక్కినా పూర్తిగా ఆగదు: విండోస్ గురించి అపోహలు - వాస్తవాలు

విండోస్‌తో పడే చిరాకుల్లో చాలావరకు మాటల దగ్గరే మొదలవుతాయి. తెర మీద రాసి ఉండేది ఒకటి, లోపల జరిగేది ఇంకొకటి. షట్ డౌన్, స్లీప్, బ్యాకప్, ఇలా రోజూ నొక్కే మాటలేవీ అసలు పని పూర్తిగా చెప్పవు. అలాంటప్పుడు వాడేవాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటే ఆ తప్పు వాళ్లది కాదు, మెనూ రాసిన తీరుది. ఇక్కడ చెప్పేవి విండోస్ 10, 11 రెండింటికీ వర్తిస్తాయి.

అపోహ: రోజూ షట్ డౌన్ చేస్తున్నాను కాబట్టి రోజూ కంప్యూటర్ కొత్తగా మొదలవుతోంది.

2012లో విండోస్ 8తో పాటు, కంప్యూటర్ త్వరగా ఆన్ అవడానికి, ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం వచ్చింది. అది ఆన్‌లో ఉంటే, షట్ డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసుకుంటాయి, మీ లాగిన్ ముగుస్తుంది. కెర్నల్ (విండోస్ లోపలి ప్రధాన భాగం), డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపే ప్రోగ్రాములు) మాత్రం అప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో ఆ స్థితిని విండోస్ డిస్క్ మీద ఒక ఫైలులో రాసి పెట్టుకుంటుంది. మర్నాడు పవర్ బటన్ నొక్కగానే ఆ ఫైలునే తిరిగి ర్యామ్‌లోకి ఎక్కిస్తుంది. నిన్న మొండికేసిన ప్రింటర్ డ్రైవరో, వైఫైయో ఇవాళ కూడా మొండికేయడానికి చాలాసార్లు కారణం ఇదే.

దీన్ని మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద క్లిక్ చేస్తే కింద అప్ టైమ్ కనిపిస్తుంది. రాత్రి షట్ డౌన్ చేసి పొద్దున ఆన్ చేసిన మెషీన్‌లో అక్కడ 11:04:37:20 అని ఉందనుకోండి. అంటే 11 రోజుల 4 గంటలుగా కెర్నల్ ఒక్కసారి కూడా కొత్తగా మొదలవలేదన్నమాట.

రీస్టార్ట్ మాత్రం ఎప్పుడూ అంతా ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. సమస్య వచ్చినప్పుడు రీస్టార్ట్ చేసి చూడమని చెప్పేది అందుకే. ఒక్కసారికి పూర్తి షట్ డౌన్ కావాలంటే షిఫ్ట్ కీ పట్టుకుని షట్ డౌన్ క్లిక్ చేయండి. ఎప్పటికీ అలాగే కావాలంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింక్ నొక్కండి. అక్కడ ఫాస్ట్ స్టార్టప్ టిక్ మసకగా ఉంటుంది. పైనున్న 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' నొక్కితేనే దాన్ని తీయనిస్తుంది. ఎస్‌ఎస్‌డీ (పాత హార్డ్ డిస్క్ కంటే వేగమైన డిస్క్) ఉన్న మెషీన్‌లో దీన్ని తీసేయడమే మేలు. ఆన్ అవడానికి కొద్ది సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే. పాత హార్డ్ డిస్క్ అయితే తేడా బాగా తెలుస్తుంది కాబట్టి ఉంచుకుని, వారానికోసారి రీస్టార్ట్ చేయండి. అదే మెషీన్‌లో లైనక్స్ కూడా ఉంటే తప్పకుండా తీసేయాలి. డిస్క్ మీద విండోస్ ఉన్న భాగం (పార్టిషన్) సరిగ్గా మూసుకోకుండానే ఉండిపోతుంది, లైనక్స్ నుంచి దానిలో ఏమైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి.

అపోహ: డెస్క్‌టాప్ మీద నాలుగైదు సార్లు రిఫ్రెష్ కొడితే వేగం పెరుగుతుంది.

పెరగదు. రిఫ్రెష్ ఆ ఫోల్డర్‌లో ఏముందో మళ్లీ చదివి ఐకాన్లను తిరిగి గీస్తుంది. ఇప్పుడే వచ్చిన ఫైలు కనిపించనప్పుడు దానితో పని.

అపోహ: ర్యామ్ ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. టెంప్, ప్రీఫెచ్ ఫోల్డర్లు రోజూ ఖాళీ చేయాలి.

ఖాళీగా పడి ఉన్న ర్యామ్ వల్ల ఏ ఉపయోగమూ లేదు. అందుకే విండోస్ మీరు ఈమధ్య తెరిచినవాటిని, తరచూ తెరిచేవాటిని అందులో దాచి ఉంచుతుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో క్యాష్డ్ అని కనిపించేది ఇదే. వేరే ప్రోగ్రామ్ అడిగిన క్షణంలో ఆ చోటు వదిలేస్తుంది. ర్యామ్ క్లీనర్లు ఇలా దాచినదాన్ని బయటకు తోసి అంకె తగ్గించి చూపిస్తాయి. తోసేసినదాన్ని మళ్లీ డిస్క్ నుంచి చదువుకోవాలి కాబట్టి మెషీన్ ఇంకా నెమ్మదిస్తుంది. మీరు చూడాల్సింది అదే పేజీలో కమిటెడ్ దగ్గరున్న రెండు అంకెలు: ప్రోగ్రాములకి ఇస్తానన్న మెమరీ, ఇవ్వగల మొత్తం. మొదటిది రెండోదానికి బాగా దగ్గరైతే, ఉదాహరణకు 15.6/16.2 అని ఉంటే, అప్పుడు నిజంగానే మెమరీ చాలడం లేదు.

ప్రీఫెచ్ ఫోల్డర్‌లో ఉండేది చెత్త కాదు. ఏ ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఏయే ఫైళ్లు కావాల్సి వస్తాయో విండోస్ రాసుకున్న చిట్టా. చెరిపితే తర్వాతిసారి ఆ ప్రోగ్రామ్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, చిట్టా మళ్లీ తయారవుతుంది. టెంప్ (తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్) ఖాళీ చేస్తే డిస్క్‌లో చోటు మిగులుతుంది గానీ వేగం రాదు. చేసేదేదో రీస్టార్ట్ చేశాక చేయండి. రీస్టార్ట్ కోసం ఆగిన ఇన్‌స్టాలేషన్ తాలూకు ఫైళ్లు కొన్నిసార్లు అక్కడే ఉంటాయి.

ఇదే కోవలో ఇంకొకటి: సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో ప్రాసెసర్ల సంఖ్యను ఎక్కువకి పెడితే వేగం వస్తుందనడం. ఆ సంఖ్య పక్కన టిక్ లేనప్పుడు విండోస్ కోర్లన్నీ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలన్నీ) వాడుకుంటూనే ఉంటుంది. ఆ పెట్టె ఉన్నది పరీక్షల కోసం కోర్లు తగ్గించడానికి. పక్కనే ఉన్న మాక్సిమం మెమరీ టిక్ కూడా అలాంటిదే. రెండూ తీసేసి రీస్టార్ట్ చేయండి.

అపోహ: 1 టీబీ డిస్క్ 931 జీబీ చూపిస్తోందంటే మోసం జరిగింది.

తయారీదారు లెక్కలో 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు, అవన్నీ అందులో ఉన్నాయి. విండోస్ ఆ మొత్తాన్ని 107,37,41,824తో భాగించి, వచ్చిన 931 పక్కన జీబీ అని రాస్తుంది. అలా భాగిస్తే వచ్చే కొలతకి అసలు పేరు జిబిబైట్. మ్యాక్ 2009 నుంచి తయారీదారుల లెక్కే వాడుతోంది కాబట్టి అదే డిస్క్ అక్కడ 1 టీబీ అనే కనిపిస్తుంది. లేబుల్‌లో ఒక్క అక్షరం చేరిస్తే (GB బదులు GiB) పోయే గందరగోళం ఇది.

అపోహ: ల్యాప్‌టాప్ మూత వేస్తే నిద్రలోకి వెళ్లిపోతుంది, బ్యాగులో పెట్టుకోవచ్చు.

పాత స్లీప్‌లో ర్యామ్‌కి తప్ప దాదాపు అన్నిటికీ కరెంటు ఆగిపోయేది. ఇప్పుడొచ్చే ల్యాప్‌టాప్‌లలో చాలావాటిలో ఉన్నది మోడర్న్ స్టాండ్‌బై. ఫోన్‌లాగా తెర ఆరిపోతుంది, లోపల మాత్రం మెయిల్, నోటిఫికేషన్లు, కొన్ని అప్‌డేట్ పనులు మధ్యమధ్యలో సాగుతుంటాయి. ఏదో ఒక డ్రైవర్ నిద్రకి అడ్డం పడిందంటే, బ్యాగులో గాలి ఆడని చోట ప్రాసెసర్ మేలుకునే ఉంటుంది. తీసేసరికి కాలిపోతూ ఉంటుంది, బ్యాటరీ అయిపోయి ఉంటుంది.

మీది ఏ రకమో తెలుసుకోవాలంటే, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, ఖాళీ వదిలి, స్లాష్, ఇంగ్లిష్ a అక్షరం (powercfg /a) కొట్టండి. మొదటి జాబితాలో, అంటే అందుబాటులో ఉన్నవాటిలో, ఎస్0 అని ఉంటే మోడర్న్ స్టాండ్‌బై, ఎస్3 అని ఉంటే పాత పద్ధతి. ఎస్0 ఉన్నవాళ్లకి నమ్మకమైన దారి హైబర్నేట్. అందులో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్క్‌కి రాసి కరెంటు ఆపేస్తుంది. పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చేయాలో ఎంచుకునే చోట, బ్యాటరీ గడిలో హైబర్నేట్ పెట్టండి. ఆ ఎంపికే కనిపించకపోతే, అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హెచ్, ఆన్ (powercfg /h on) అని కొట్టాక వస్తుంది.

అపోహ: 'ఫైల్ ఇన్ యూజ్' అని డిలీట్ అవకపోతే వైరస్ ఉన్నట్టే.

విండోస్‌లో ఒక ప్రోగ్రామ్ ఫైలు తెరిచేటప్పుడు, తను వదిలేదాకా దాన్ని ఇంకెవరూ చెరపకుండా ఆపవచ్చు. ఆపినవాడు ఎవరో ఆ సందేశం చాలాసార్లు చెప్పదు, విసిగించేది అదే. స్టార్ట్‌లో రిసోర్స్ మానిటర్ అని వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అనే చోట ఫైలు పేరులో కొంత కొడితే పట్టుకుని ఉన్న ప్రోగ్రామ్ పేరు వస్తుంది. అది ఎక్స్‌ప్లోరర్ అయితే చాలాసార్లు కారణం ప్రివ్యూ పేన్ (ఫైలులో ఏముందో పక్కన చూపించే గడి). ఆల్ట్, పీ కలిపి నొక్కి దాన్ని మూసి, మళ్లీ డిలీట్ చేయండి.

అపోహ: వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఆన్ చేశాను, ఇక ఫైళ్లకి భయం లేదు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే మాట ఇదే. అక్కడ బ్యాకప్ అని రాసి ఉన్నది నిజానికి సింక్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోకి మార్చి, అక్కడా ఇక్కడా ఒకేలా ఉంచుతుంది. ఇక్కడ చెరిపితే అక్కడా పోతుంది. ఇక్కడ పాడైన ఫైలు అక్కడికీ పాడై చేరుతుంది. వ్యక్తిగత ఖాతాలో చెరిపినవి వెబ్‌లోని రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి, ఆ తర్వాత తిరిగి రావు. ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండితే సింక్ ఆగిపోతుంది, ఆ హెచ్చరిక మూల ఉన్న చిన్న ఐకాన్ దగ్గర చూడకుండా వదిలేసేవాళ్లే ఎక్కువ.

ఫైలు పక్కన గుర్తులు గమనించండి. మేఘం ఉంటే ఫైలు ఆన్‌లైన్‌లోనే ఉంది, నెట్ లేనప్పుడు తెరుచుకోదు. తప్పక కావాల్సిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి 'ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైజ్' ఎంచుకోండి. అసలు బ్యాకప్ కావాలంటే ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి కాపీ చేసి, కాపీ అయ్యాక డిస్క్ తీసి పక్కన పెట్టండి. తగిలించే ఉంచితే, ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే ర్యాన్‌సమ్‌వేర్ దాన్ని కూడా లాక్ చేస్తుంది.

అపోహ: లాగిన్ పాస్‌వర్డ్ ఉంది కాబట్టి డేటా భద్రం.

ఎన్‌క్రిప్షన్ (కీ లేనిదే చదవలేనట్టు డేటాను మార్చి దాచడం) లేకపోతే డిస్క్ తీసి ఇంకో మెషీన్‌కి తగిలిస్తే ఫైళ్లన్నీ చదవొచ్చు, పాస్‌వర్డ్ అడ్డం రాదు. దీనికి రెండో వైపు కూడా ఉంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతుంది, ఆ సంగతి యజమానికి తెలియదు. మదర్‌బోర్డ్ మార్చినా, విండోస్ కంటే ముందు నడిచే బయోస్‌లో కొన్ని సెట్టింగులు మారినా, నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ లేకపోతే డేటా ఇక అందదు.

విండోస్ 11లో సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో డివైజ్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే బ్రౌజర్‌లో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, డివైజెస్ కింద ఆ కంప్యూటర్ ఎంచుకుంటే రికవరీ కీ చూసే లింక్ ఉంటుంది. 48 అంకెలతో పాటు కీ ఐడీలో మొదటి 8 అక్షరాలు కూడా కాగితం మీద రాసుకోండి. నీలి తెర మీద అదే ఐడీ కనిపిస్తుంది, ఏ కీ ఏ డిస్క్‌దో దాన్నిబట్టే తెలుస్తుంది. ఆ కాగితం ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టకండి.