తకిట తకిట తకధిమి: ఐదు దెబ్బల సముద్రయానం

ముందు ఒక చిన్న పని చేద్దాం. కుర్చీలో కూర్చుని కాలితో నింపాదిగా నాలుగు దెబ్బల వరస వేస్తూ ఉండండి. ఒక్కో కాలిదెబ్బకు నాలుగు అక్షరాలు పడేలా నోటితో ఇలా అనండి: తకిట తకిట తకధిమి తక తకధిమి. మొత్తం 16 అక్షరాలు. ఇప్పుడు ప్రతి మాట మొదట్లో వచ్చే ‘త’ దగ్గర మాత్రమే చప్పట్లు కొట్టండి. ఐదు చప్పట్లు పడతాయి. మొదట్లో చెయ్యి తడబడుతుంది. నాకూ తడబడింది. నాలుగైదు సార్లు తిరిగాక కుదురుతుంది. కుదిరాక భుజాలు ఊరుకోవు.

మీరు ఇప్పుడు కొట్టింది క్యూబా సంగీతానికి వెన్నెముక లాంటి లయ. దాని పేరు క్లావే. స్పానిష్‌లో ఆ మాటకు ‘కీలకం’ అని అర్థం. ఆ లయను వాయించే కర్రలనూ అదే పేరుతో పిలుస్తారు. జానెడు పొడవున్న గట్టి కర్రముక్కలు రెండు, అంతే. అందులో ఒకదాన్ని గుప్పిట బిగించి పట్టుకోరు. ఎడమ చేతిని గిన్నెలా వంచి, వేళ్ల కొనల మీద, బొటనవేలి మీద ఊరికే ఆనిస్తారు. కింద అరచేతి గుంటలో ఉన్న గాలి శబ్దాన్ని పెంచుతుంది. రెండో కర్రతో మధ్యలో కొడితే ‘టక్’మని వచ్చే శబ్దం చుట్టూ డోళ్లు మోగుతున్నా తేలి వినిపిస్తుంది. గుప్పిట బిగించారా, ఆ శబ్దం అక్కడికక్కడే చచ్చిపోతుంది.

అట్లాంటిక్‌కు ఇవతల, ఘానా రాజధాని అక్రాలో గా అనే జాతివాళ్లు ఆడే క్పాన్‌లోగో నాట్యంలో ఇనుప గంట మీద వినిపించేదీ ఇవే ఐదు దెబ్బలు.

ఇంత చిన్న లయకు ఇంత పట్టు ఎక్కడిది? మళ్లీ మన కాలి దగ్గరకు వద్దాం. ఐదు చప్పట్లలో కాలిదెబ్బతో కలిసేవి రెండే, మొదటిదీ చివరిదీ. మిగతా మూడూ సందుల్లో పడతాయి. అందులో రెండోది మరీ కొంటెది, కాలికంటే ఒక్క అక్షరం ముందే వచ్చేస్తుంది. మెదడు లయను ఊరికే వినదు, తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే లెక్కవేసుకుని ఎదురుచూస్తుంది. పుట్టి రెండు మూడు రోజులైన పసికందులకు కూడా ఈ అలవాటు ఉంది. హంగరీ శాస్త్రవేత్త ఇస్ట్వాన్ వింక్లర్ బృందం నిద్రలో ఉన్న పిల్లలకు డ్రమ్ లయ వినిపించి, మధ్యలో ముఖ్యమైన మొదటి దెబ్బను ఎగ్గొట్టి చూసింది. ఏదో తప్పిందన్నట్టు ఆ చిట్టి మెదళ్లు స్పందించాయని 2009లో ప్రకటించింది. 2014లో మారియా విటెక్ బృందం మరో సంగతి తేల్చింది. సందు దెబ్బలు మరీ తక్కువైతే మనకు కదలబుద్ధి కాదు, మరీ ఎక్కువైతే లయ చేజారిపోతుంది. నడిమధ్యన ఉన్నప్పుడే ఒళ్లు ఎక్కువగా ఊగాలనుకుంటుంది. క్లావే సరిగ్గా ఆ నడిమధ్యనే కూర్చుందని నా అభిప్రాయం.

ఇందులో లెక్కలూ ఉన్నాయి. మొదటి ఎనిమిది అక్షరాలే తీసుకుంటే మూడు దెబ్బలు, తకిట తకిట తక. ఎనిమిది గళ్లలో మూడు గింజల్ని వీలైనంత సమానంగా సర్దమంటే వచ్చేది ఇదే. బడిలో గ.సా.భా. కనుక్కోవడానికి నేర్చుకున్న యూక్లిడ్ భాగహార పద్ధతితో ఇలాంటి ఎన్నో దేశాల లయలు పుట్టుకొస్తాయని కెనడాలో పనిచేసిన గాడ్‌ఫ్రీడ్ టూసాన్ 2005లో చూపించారు. క్లావే రెండో సగం మాత్రం ఆ సమానత్వాన్ని కాస్త చెడగొడుతుంది. అందం అక్కడే ఉంది.

ఇక ఈ లయలు సముద్రం ఎలా దాటాయంటే, మాట పెగలదు. దాదాపు కోటీ పాతిక లక్షల మంది ఆఫ్రికన్లను బానిసలుగా ఓడలెక్కించారు. సుమారు 18 లక్షల మంది దారిలోనే చనిపోయారు. దిగినవాళ్ల చేతుల్లో ఏమీ లేదు. లయ ఒంట్లో ఉంది కాబట్టి దాన్ని ఎవరూ లాక్కోలేకపోయారు. క్యూబాలో ఒకే ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు కబిల్దోలనే సంఘాలుగా చేరి డోళ్లు నిలబెట్టుకున్నారు. ఉత్తర అమెరికాలో ఆ వెసులుబాటూ దక్కలేదు. 1739లో సౌత్ కరోలైనాలో స్టోనో నది దగ్గర బానిసలు డోళ్లు మోగిస్తూ తిరగబడ్డారు. మరుసటి ఏడే అక్కడి చట్టం డోళ్లను నిషేధించింది. అప్పుడు వాళ్లు తొడల మీద, గుండెల మీద, చెంపల మీద అరచేతులతో చరుస్తూ వాయించారు. ఒళ్లే డోలైంది.

1955లో షికాగోలో బో డిడ్లీ తన పేరుతోనే ఒక పాట రికార్డు చేశాడు. రాక్ అండ్ రోల్ తొలి రోజుల్లోని ఆ పాటలో గిటార్ మీద వినిపించేది మన ఐదు దెబ్బలే. అంతకు ముందే న్యూ ఆర్లీన్స్ పియానో వాద్యకారుడు జెల్లీ రోల్ మోర్టన్, పాటలో కాస్త స్పానిష్ ఛాయ పడకపోతే జాజ్‌కు సరైన మసాలా కుదరదని చెప్పాడు. ఆయన స్పానిష్ అన్నది క్యూబా మీదుగా వచ్చిన తకిట తకిట తక. దానిలో ఆఫ్రికా ఎంత ఉందో ఆ పేరు చెప్పదు, మనం చెప్పాలి.

ఆఫ్రికన్లు తూర్పుకూ వచ్చారు. మన దగ్గర వాళ్లను సిద్దీలంటారు. హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ అనే పేటకు ఆ పేరు నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ దళం వల్లే వచ్చింది. పెళ్లి బరాత్‌లలో మోగే మర్ఫా ఆ సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు కలిసి పోషించిన వాద్యం. అది వేరే దారి, వేరే లయ. కానీ మన వీధిలో బరాత్ పోతుంటే ఆ సంగతి తెలిసి వినడం వేరు.

నన్ను అన్నిటికంటే కదిలించేది తిరుగు ప్రయాణం. 1930లో న్యూయార్క్‌లో డాన్ అస్పియాసు బృందం వేరుశనగలమ్మేవాడి కేకతో మొదలయ్యే ఒక క్యూబా పాటను రికార్డు చేసింది. అది విపరీతంగా అమ్ముడైంది. 1933 నుంచి హెచ్ఎంవీ కంపెనీ జీవీ అనే వరసలో ఇలాంటి క్యూబా రికార్డులను ఆఫ్రికాలో అమ్మింది. కాంగో నది ఒడ్డున లియోపోల్డ్‌విల్ (ఇప్పటి కిన్షాసా), బ్రజావిల్ పట్టణాల్లో జనం గ్రామఫోన్ చుట్టూ చేరి విన్నారు. భాష ఎవరికీ అర్థం కాలేదు, లయ మాత్రం పరాయిదనిపించలేదు. క్యూబాకు బానిసలుగా తరలిపోయినవాళ్లలో ఎంతోమంది ఆ కాంగో ప్రాంతం వాళ్లే మరి.

విన్నవాళ్లు విని ఊరుకోలేదు. లింగాల భాషలో సొంత మాటలు కట్టారు. లికెంబే అనే బొటనవేళ్లతో మీటే చిన్న వాద్యం పోకడలను గిటార్ మీదికి ఎక్కించారు. పాట సగమయ్యాక మాటలు పక్కన పెట్టి గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోయే భాగం ఒకటి చేర్చి, దానికి సెబెన్ అని పేరు పెట్టారు. అలా పుట్టిందే కాంగో రుంబా. 1948లో గాయకుడు వెండో కొలొసాయ్ పాట ఊరూరా పాకింది. 1956లో గిటార్ వాద్యకారుడు ఫ్రాంకో బృందం ఓకే జాజ్ మొదలైంది. 2021లో యునెస్కో ఈ సంగీతాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

1960 జనవరిలో కాంగో నాయకులు స్వాతంత్ర్యం కోసం బెల్జియం ప్రభుత్వంతో చర్చలకు బ్రస్సెల్స్ వెళ్లినప్పుడు, గాయకుడు జోసెఫ్ కబసెలే తన బృందంతో వెళ్లి అక్కడే ఒక పాట కట్టాడు. రేడియోల్లో అది ఆఫ్రికాలో చాలా దేశాలకు చేరి, వలస పాలన నుంచి బయటపడుతున్న జనానికి పండగ పాటైంది. దాని పేరు ‘ఇండిపెండెన్స్ చాచా’. చాచా అంటే హవానాలో పుట్టిన నాట్యం.