మనిషిని మార్చేస్తే తప్పు ఆగుతుందా? పని వాతావరణం గురించి అపోహలు - వాస్తవాలు

సంస్థల్లో పొరపాట్లు ఎందుకు జరుగుతున్నాయో వెతికిపెట్టడం నా పని. ఎక్కడికి వెళ్లినా మొదటి మీటింగ్‌లో ఒకటే మాట: "మనిషెవరో తెలిసిపోయిందండీ, పక్కన పెట్టేశాం కూడా. మీరు రిపోర్టు రాసిచ్చేస్తే చాలు." ఇది విని విని విసుగొచ్చి రాస్తున్నాను.

అపోహ: తప్పు చేసిన మనిషిని తీసేస్తే తప్పు పోతుంది

సంస్థలకు అన్నిటికంటే ఖరీదుగా తగిలేది ఇదే. నేను ఆలస్యంగా వస్తే ట్రాఫిక్, ఎదుటివాడు ఆలస్యంగా వస్తే బద్ధకం. అవతలివాళ్లు చేసిన పనికి వాళ్ల గుణమే కారణమనుకుని, వాళ్లు ఏ పరిస్థితిలో ఉన్నారో పట్టించుకోకపోవడం మనందరి జబ్బు. లీ రాస్ అనే సైకాలజిస్టు 1977లో దీనికి ఫండమెంటల్ అట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు. అంతకు నాలుగు దశాబ్దాల ముందే, 1936లో, మనిషినీ పరిసరాన్నీ కలిపి చూస్తే తప్ప ప్రవర్తన అర్థం కాదని కర్ట్ లెవిన్ అనే ఇంకో సైకాలజిస్టు సూత్రం కట్టి మరీ చెప్పాడు. చదువుకునేటప్పుడు అందరం తలూపుతాం. మెమో టైపు చేసేటప్పుడు మాత్రం గుర్తుండదు.

రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక, రన్‌వే మీదే పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) ఎత్తబోయి చక్రాలు ఎత్తేసేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. కారణం దగ్గర 'పైలట్ తప్పిదం' అని రాసేవారు. అల్ఫోన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే, ఒకేలా ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారంలో, ఫ్లాప్స్ మీటకు రెక్క ఆకారంలో పిడి పెడితే చేతికే తేడా తెలుస్తుందన్నాడు. ఇప్పటికీ పెద్ద విమానాల నిబంధనల్లో ఆ పిడుల ఆకారాలున్నాయి.

దీనికి పూర్తిగా తలకిందులైన కథ అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకుది. కస్టమర్లకు తెలియకుండా వాళ్ల పేరున ఖాతాలు తెరిచారని ఐదేళ్లలో సుమారు 5,300 మంది ఉద్యోగుల్ని తీసేశారు. తీసేస్తూనే ఉన్నారు, దొంగ ఖాతాలు పుడుతూనే ఉన్నాయి. ఒక్కో కస్టమర్‌కు ఎనిమిది ప్రొడక్టులు అంటగట్టాలన్న టార్గెట్ మాత్రం ఉన్నచోటే ఉంది. చివరికి 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడ్డాక గానీ ఆ టార్గెట్లను ఎత్తేయలేదు. తీసేసినవాళ్ల సంఖ్య వందలు దాటిన రోజే అనుమానం కుర్చీ మీదికి పోవాలా, కూర్చున్నవాళ్ల మీదికి పోవాలా?

నేను దగ్గరగా చూసినదొకటి చెబుతాను. ఒక ప్యాకింగ్ యూనిట్‌లో రిజిస్టరులో బ్యాచ్ నంబర్లు తప్పుగా పడుతున్నాయి. అప్పటికే ఇద్దరిని మార్చారు, మూడో అతని చేతిలో మెమో ఉంది. నేనొక షిఫ్టంతా లైను పక్కనే నిలబడ్డాను. రిజిస్టరు హాలు అవతలి కొసన సూపర్‌వైజర్ టేబుల్ మీద ఉంటుంది. బ్యాచ్ మారినప్పుడల్లా గ్లవ్స్ విప్పి, అక్కడిదాకా నడిచి, రాసి రావాలి. ఈలోగా బెల్టు ఆగదు, డబ్బాలు పేరుకుపోతాయి. ఎదురుగా గోడ మీద బోర్డులో వెలిగేది ఒక్క అంకే, గంటకు ఎన్ని పెట్టెలని. అందుకని అందరూ నంబరును గ్లవ్ మీద పెన్నుతో గీసుకుని షిఫ్టు చివర ఒకేసారి ఎక్కించేవారు. రాపిడికి సిరా అలుక్కుపోయి 3 కాస్తా 8 అయ్యేది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు గానీ, అక్కడ అంత కాలం కూడా పట్టలేదు. కొత్తగా చేరిన కుర్రాడు రెండో వారానికల్లా గ్లవ్ మీద రాస్తున్నాడు.

రిజిస్టరును బెల్టు పక్కకు తెప్పించాం. బ్యాచ్ మారేటప్పుడు బెల్టు ఆపే అధికారం లైను మీదున్నవాళ్లకే ఇప్పించాం. రెండో దానికి యాజమాన్యం ఒప్పుకోవడానికి చాలా నసిగింది. మెమో అందుకున్నతను అక్కడే పనిచేస్తున్నాడు, తప్పులు మాత్రం దాదాపు లేవు.

"అయితే ఎవరిదీ తప్పు కాదంటారా?" అని వెంటనే అడుగుతారు. తెలిసి దొంగతనం చేసినవాణ్ని వెనకేసుకురమ్మని నేననడం లేదు. జాగ్రత్తపరుడని మీరే ఒప్పుకునే ఇంకో మనిషిని అదే చోట, అదే ఒత్తిడిలో, అంతే సమాచారంతో నిలబెట్టినట్టు ఊహించుకోండి. అతనూ అలాగే చేసేవాడనిపిస్తే మీరు వెతకాల్సింది మనిషిలో కాదు.

అపోహ: మంచివాళ్లను ఏరి తీసుకుంటే చాలు

1973లో డార్లీ, బాట్సన్ అనే సైకాలజిస్టులు అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థుల్ని పరీక్షించారు. వాళ్లను ఇంకో భవనానికి పంపితే, దారిలో ఒకతను నీరసంగా కూలబడి దగ్గుతుంటాడు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం ఆగి సాయం చేశారు. బాగా ఆలస్యమైందని తొందరపెట్టినవాళ్లలో ఆగింది 10 శాతం. ఇక మీ ఇంటర్వ్యూల్లో గుణం ఎంత గట్టిగా పరీక్షించినా, తర్వాత గడియారం చూపించి పరుగెత్తిస్తే ఏం లాభం?

అపోహ: పరిసరం ముందు మనిషి కీలుబొమ్మ

ఇది మొదటి అపోహకు కవలపిల్ల. పై అధికారి చెప్పాడని మామూలు మనుషులు అవతలివాడికి కరెంటు షాకులు (నిజానికి ఉత్తుత్తివి) పెంచుకుంటూ పోతారా అని చూసిన మిల్‌గ్రామ్ ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి స్విచ్ దాకా వెళ్లారని అందరూ చెబుతారు. పక్కన కూర్చున్న ఇద్దరు 'మేం చేయం' అని లేచిపోయిన ప్రయోగంలో 40 మందిలో నలుగురే చివరిదాకా వెళ్లారన్నది ఎవరూ చెప్పరు. కాదనే గొంతు ఒకటి పక్కనుండటం కూడా పరిసరమే. విద్యార్థుల్ని గార్డులుగా, ఖైదీలుగా విడదీసి ఉత్తుత్తి జైల్లో పెట్టిన స్టాన్‌ఫోర్డ్ జైలు ప్రయోగాన్ని మాత్రం ట్రైనింగుల్లో వాడకండి, దయచేసి. ఎలా ప్రవర్తించాలో గార్డులకు ముందే నూరిపోశారని రికార్డుల్లోనే బయటపడింది.

అపోహ: గోడలు కొట్టేస్తే అందరూ కలిసిపోతారు

కలవరు. ఓపెన్ ఆఫీసుకు మారిన రెండు కంపెనీల్ని కొలిచి 2018లో బెర్న్‌స్టీన్, టర్బన్ అనే పరిశోధకులు రాసిందేమిటంటే, ముఖాముఖి మాటలు సుమారు 70 శాతం పడిపోయాయి, ఈమెయిళ్లు పెరిగాయి. అందరి కళ్లూ మీద పడుతుంటే ఎవరైనా హెడ్‌ఫోన్సే పెట్టుకుంటారు.

అపోహ: పెద్ద కంపెనీ చేస్తోందంటే పనిచేసినట్టే

సంస్థలు కూడా చుట్టుపక్కల చూసే నడుస్తాయి. ఏం చేయాలో తోచనప్పుడు పేరున్నవాళ్లను కాపీ కొడతాయని, అందుకే ఒక రంగంలోవన్నీ ఒకే మూసలోకి వచ్చేస్తాయని డిమాజియో, పావెల్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1983లోనే రాశారు. కాపీ కొట్టారంటే ఫలితం చూసి కొట్టారనేమీ కాదు. చాలాసార్లు పరువు కోసం కొడతారు.

ఇక మెమో చేతిలో పట్టుకుని, నిద్రపట్టక, 'నేనే పనికిరానేమో' అని టెన్షన్ పడుతున్నవాళ్లకు ఒక మాట. 'ఇకపై జాగ్రత్తగా ఉంటాను' అన్న ఒక్క వాక్యంతో సంజాయిషీ ముగించకండి. ఆ వేళకు మీ చేతిలో ఇంకేం పనులున్నాయి, తెర మీద గానీ రిజిస్టరులో గానీ ఏం కనిపించింది, అడగడానికి పక్కన ఎవరైనా ఉన్నారా, ఇదే పని మిగతావాళ్లు మామూలుగా ఎలా చేస్తున్నారు అన్నవి వరుసగా రాయండి. మిగతావాళ్ల పేర్లు మాత్రం రాయొద్దు, పద్ధతి రాస్తే చాలు. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.