స్విచ్ ఆపినా టెస్టర్ వెలుగుతోందండీ!

రాజోలు నుంచి ఒకాయన అడిగారు: "పాత లైటు తీసేసి కొత్త ఎల్ఈడీ పెడదామని చూస్తే శ్లాబులోంచి మూడు వైర్లు దిగుతున్నాయండి, రెండు ఎరుపు, ఒకటి నలుపు. స్విచ్ ఆపి టెస్టర్ పెడితే రెండు ఎర్ర వైర్లలోనూ వెలుగుతోందండి, ఒకదాంట్లో గట్టిగా, ఒకదాంట్లో మిణుకుమిణుకుమని. కొత్త లైటుకేమో గోధుమ రంగు, నీలం, పచ్చ-పసుపు చారలది ఉన్నాయి. దేన్ని దేనికి కలపమంటారు?"

రంగుల సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తా. లైటు వైపు గోధుమ రంగు ఫేజు, నీలం న్యూట్రల్, చారలది ఎర్త్. మన ఇళ్ల వైరింగులో ఎరుపు, పసుపు, నీలం ఫేజులు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. నీలం దగ్గర జాగ్రత్త, ఒకచోట ఫేజు, ఒకచోట న్యూట్రల్. అయినా ఎర్ర చుట్ట అయిపోతే చేతిలో ఉన్న వైరు లాగేసినవాళ్లు ఊరికి ఒకరుంటారు కాబట్టి రంగు చూసి ఒప్పేసుకోకూడదు. బళ్లో మాత్రం ఇప్పటికీ రంగులే బట్టీ పట్టిస్తారు, టెస్టర్ ఎలా పనిచేస్తుందో చెప్పరు, అసలు మజా అంతా అందులోనే ఉంది.

టెస్టర్ పిడిలో చిన్న నియాన్ బల్బు (ఆ వాయువుని 1898లో రామ్సే, ట్రావర్స్ కనిపెట్టారు), దాని వెనక సుమారు పది లక్షల ఓముల రెసిస్టెన్సు ఉంటాయి. కరెంటు వైరు నుంచి బల్బులోకి, మీ వేలు, ఒళ్లు, కాళ్ల మీదుగా నేలలోకి పోతుంది. కొద్ది మైక్రో ఆంపియర్లు పోతే చాలు, వెలిగేస్తుంది. అందుకే ప్లాస్టిక్ స్టూలెక్కి రబ్బరు చెప్పులతో నిలబడి చూస్తే నికార్సైన ఫేజు మీద కూడా మసగ్గా వెలుగుతుంది, పట్టపగలైతే అసలు కనబడదు కూడా. వెలగలేదు కదా అని చెయ్యి పెట్టారో, అంతే సంగతులు.

మరి స్విచ్ ఆపిన వైరు మిణుకుమనడమేంటి? కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసినప్పట్నుంచీ మనవాళ్లకి కాలువకీ మురుగు కాలువకీ తేడా చెప్పక్కర్లేదు. ఫేజు నీళ్లు తెచ్చే కాలువ, న్యూట్రల్ మురుగు కాలువ, లైటు మధ్యలో చేను, స్విచ్ కాలువ మీద తూము. తూము మూసేసినా, నిండుగా పారే కాలువ పక్కనే ఉన్న బోదెలో ఊట నీళ్లు కనబడతాయి కదా, మీ రెండో ఎర్ర వైరులో ఉన్నది ఆ ఊటే. కనబడ్డాయి కదా అని నీళ్లు తోడే ఇంజను పెట్టారనుకోండి, నిమిషంలో బోదె అడుగు తేలిపోతుంది.

ఇంకో సంగతి. తూముని కాలువ మీద కాకుండా మురుగు కాలువ మీద పెట్టారనుకోండి. నీళ్లు కదలవు, కానీ చేను నిండా ఉంటాయి, గుర్రపుడెక్క పట్టి డ్రెయిను పూడుకుపోయిన ఏడాది చేలు మునిగినట్టు. స్విచ్‌ని న్యూట్రల్‌లో పెట్టిన ఇంట్లో జరిగేదిదే. లైటు ఆరిపోతుంది, హోల్డరు మాత్రం ఎప్పుడూ ఫేజుతోనే ఉంటుంది.

అయితే కాలువ ఒకవైపే పారుతుంది, మన కరెంటు సెకనుకి 50 సార్లు పోటూ పాటూ లాగా వెళ్లి వస్తుంది, అలా ఊగబట్టే రెండు వైర్ల మధ్య ఇన్సులేషన్ దాటి ఊట పుడుతుంది, బ్యాటరీ కరెంటైతే పుట్టదు. పైపులో పక్కపక్కనే పది మీటర్లు పోయిన రెండు వైర్ల మధ్య కెపాసిటెన్సు (మధ్యలో ఇన్సులేషన్ ఉన్నా ఛార్జిని పట్టి ఉంచే గుణం) 1000 పికోఫారడ్లు అనుకుందాం. 50 హెర్ట్జ్ దగ్గర అది 32 లక్షల ఓముల అడ్డు. 230 వోల్టుల్ని దాంతో భాగిస్తే 70 మైక్రో ఆంపియర్లు. మధ్యలో టెస్టర్ రెసిస్టెన్సు, స్టూలు కలిసి ఇంకాస్త తగ్గించినా నియాన్‌కి చాలు. డిజిటల్ మీటరు కూడా దీనికి మోసపోతుంది, లోపల కోటి ఓములుంటాయి కాబట్టి వంద వోల్టులు పైగా చూపించినా ఆశ్చర్యం లేదు.

బోదెలో ఊట తోడేసే ఆ ఇంజను పని ఇక్కడ చేసేది పాత 60 వాట్ల బల్బు, హోల్డరుకి రెండు వైర్లు కట్టి ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపు. వెలుగుతున్నప్పుడు దాని అడ్డు 880 ఓములు, చల్లగా ఉన్నప్పుడు ఇంకా చాలా తక్కువ. దాని ముందు ఊట వోల్టేజి వోల్టులో పదో వంతు కూడా నిలబడదు. స్విచ్ ఆపి గట్టి ఎరుపుకీ నలుపుకీ మధ్య పెడితే నిండుగా వెలుగుతుంది, అది ఇంకో పాయింటుకి పోయే ఫేజు. మిణుకు ఎరుపుకీ నలుపుకీ మధ్య వెలగదు, స్విచ్ వేస్తే వెలుగుతుంది. ఇదంతా చూశాక కరెంటు తీసేసి, గోధుమ రంగుని మిణుకు ఎరుపుకి, నీలాన్ని నలుపుకి కలిపి, గట్టి ఎరుపుకి విడిగా టేపు చుట్టాలి. పచ్చ వైరు లేదు కదా అని చారల వైరుని నలుపుకి కలపొద్దు, న్యూట్రల్ ఎక్కడైనా తెగితే లైటు రేకు బాడీకి ఫేజు వచ్చేస్తుంది. ల్యాంపుని ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య పెడితే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే సప్లై ఆపేసే స్విచ్) ఉంటే టక్కున పడిపోతుంది, కంగారు పడకండి. బేర్ వైర్లతో ఈ పరీక్ష మాత్రం తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి.

కరెంటు తీయడమంటే మెయిన్ ఒక్కటే కాదండోయ్. తుఫాను దెబ్బకి మనవైపు ఇంటింటికీ ఇన్వర్టరుంది, లైట్లూ ఫ్యాన్లూ దాని మీదే ఉంటాయి. మెయిన్ పడేసిన మరుక్షణం అది అందుకుని అదే 230 వోల్టులు పంపిస్తుంది. దాన్నీ ఆపాలి.

కొత్త ఎల్ఈడీ పెట్టాక రాత్రిపూట స్విచ్ ఆపినా అది మసగ్గా వెలుగుతుంటే గుమ్మానికి నిమ్మకాయలు కట్టక్కర్లేదు. ముందు స్విచ్ న్యూట్రల్‌లో ఉందేమో చూడండి. లేదంటే ఊటే. 0.1 మైక్రోఫారడ్, 275 వోల్టుల ఏసీ, ఎక్స్2 రకం (మెయిన్స్ కరెంటుకి అడ్డంగా పెట్టడానికే చేసిన) కెపాసిటర్ ఒకటి లైటుతో పాటు ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య పెడితే, దాని అడ్డు 32 వేల ఓములే కాబట్టి ఆ 70 మైక్రో ఆంపియర్లు రెండు వోల్టుల చిల్లరకి మించి లేపలేవు, ఎల్ఈడీ ఆరిపోతుంది. పెట్టాల్సింది పైన లైటు దగ్గరే. స్విచ్‌కి అడ్డంగా పెడితే ఊట తగ్గకపోగా వందరెట్లు పెరుగుతుంది.