సెర్చ్ ఉండగా ట్యాగులు దేనికి? కొన్ని అపోహలు, వాస్తవాలు

శ్రీకాకుళంలో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలకు ఫోన్‌లో, కంప్యూటర్‌లో నోట్సు సర్దుకోవడం నేర్పుతుంటాను. ట్యాగ్ అంటే నోట్సుకు మనం తగిలించుకునే చిన్న గుర్తుమాట. దాని గురించి కొత్త బ్యాచ్ వచ్చిన ప్రతిసారీ వినే మాట ఒకటుంది.

అపోహ: సెర్చ్ కొడితే అన్నీ దొరుకుతాయి, ట్యాగులు దండగ.

వాస్తవం: ఎవరో వీడియోలో చెప్పారట, అందరూ అదే పట్టుకున్నారు. సెర్చ్‌కి తెలిసింది అక్షరాలే. మామూలు నోట్స్ యాప్‌లో 'నది' అని కొడితే 'నదులు' అని రాసుకున్న పేజీ రాదు. 'నీరు' అంటే 'నీళ్లు' రాదు. పాత కోచింగ్ మెటీరియల్‌లో చాలా పీడీఎఫ్‌లు అను ఫాంట్లలో కొట్టినవి. చూడ్డానికి తెలుగే, లోపల మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. అనుమానముంటే ఒక లైను కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. చెత్తచెత్తగా పడిందంటే, ఆ పీడీఎఫ్‌లో తెలుగులో ఎంత వెతికినా ఒకటే.

మొన్న రాజాం అమ్మాయి ఒకామె "సార్, నోట్సన్నీ పోనాయి" అంటూ ఏడుపు మొహంతో ఫోన్ పట్టుకొచ్చింది. పరీక్ష దగ్గర పడితే ఎవరికైనా టెన్షనే. ఆమెకు కావలసింది మన విజయనగరం పూసపాటి రాజుల 1794 పద్మనాభ యుద్ధం. 'విజయనగరం' అని వెతికితే హంపీ, కృష్ణదేవరాయలు, 1565 తళ్లికోట యుద్ధం దాకా అన్నీ వచ్చాయి, పూసపాటి రాజులు తప్ప. ఆ పేజీ చేతిరాత నోట్సుకు తీసిన ఫోటో. ఎక్కడికీ పోలేదు. ఫోటో కింద రెండు లైన్లు టైప్ చేయించి, 'పూసపాటి' అని ట్యాగ్ పెట్టించాను.

అక్కడే ఇంకోటి బయటపడింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. ఆమె పాత నోట్సులో మాత్రం సొంతూరు ఇంకా శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది! పాలకొండదీ అదే కథ, అది ఇప్పుడు పార్వతీపురం మన్యంలో ఉంది. ఇలాంటి పేజీలన్నిటికీ 'జిల్లామారింది' అని ట్యాగ్ పెట్టమన్నాను. ఆ మాట ఏ పేజీలోనూ ఉండదు, కాబట్టి సెర్చ్‌కి దొరకదు. ట్యాగ్ పెట్టాల్సింది ఇలాంటి వాటికే. పేజీ నిండా 'వంశధార' అని ఉంటే మళ్లీ వంశధార ట్యాగ్ ఎందుకు? దానికి సెర్చ్ చాలు.

అపోహ: ఎన్ని ట్యాగులుంటే అంత మంచిది.

కాదు. 'చరిత్ర', 'చరిత్ర_ఏపీ', 'హిస్టరీ' మూడూ పెట్టుకుని, ఏది ఎక్కడ పెట్టామో మళ్లీ వెతుక్కోవడం రోజూ చూస్తున్నాను.

అపోహ: ఫోల్డర్లుంటే చాలు.

నాగావళి పేజీ భూగోళంలో పెడతారా, సాగునీటిలో పెడతారా? ఫోల్డర్ అయితే ఒక్కటే, ట్యాగులైతే రెండూ.

అపోహ: లేబుల్ (గూగుల్ కీప్ అనే నోట్స్ యాప్‌లో ట్యాగ్‌ని ఇలా అంటారు) తీసేస్తే నోట్సు కూడా పోతాయి.

ఈ పుకారు ఎవరు పుట్టించారో గానీ, భయపడి లేబుల్ ముట్టనివాళ్లున్నారు. గూగుల్ కీప్‌లో లేబుల్ డిలీట్ చేస్తే లేబులే పోతుంది, నోట్సు అలాగే ఉంటాయి. పేరు మారిస్తే అన్ని నోట్సులోనూ అదే మారుతుంది.

అబ్సిడియన్ అనే నోట్స్ యాప్ వాడేవాళ్లు మాత్రం ట్యాగ్ మధ్యలో ఖాళీ వదలకండి. #2022 అని ఉత్త అంకెలు రాసినా అది ట్యాగ్‌గా తీసుకోదు, అంకెలతోపాటు ఒక్క అక్షరమైనా ఉండాలి.