ఇంట్లో వీడియో ఎడిటింగ్: అపోహలు – వాస్తవాలు

అపోహ: లక్ష రూపాయల కంప్యూటర్, డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఉంటేనే మొదలుపెట్టగలం.

డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో 4కే యూహెచ్‌డీ (3840×2160) వరకు వీడియోను ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు, అంటే పూర్తయిన ఫైలుగా బయటికి తీసుకోవచ్చు. డబ్బు కట్టే వెర్షన్‌కే పరిమితమైన ఎఫెక్ట్ వేస్తే తప్ప వాటర్‌మార్క్ పడదు. పాత ల్యాప్‌టాప్‌కు అది బరువనిపిస్తే షాట్‌కట్, కేడెన్‌లైవ్ చాలు. ఇవీ ఉచితమే.

కంప్యూటర్ నత్తనడక నడుస్తోందంటే చాలాసార్లు కారణం ఫోన్ ఫైలే. స్థలం కలిసిరావాలని చాలా ఫోన్లు వీడియోను కుదించే హెచ్ఈవీసీ పద్ధతిలో రికార్డు చేస్తాయి. అందులో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఎక్కువ ఫ్రేముల్లో పక్క ఫ్రేములతో ఉన్న తేడా మాత్రమే ఉంటుంది. మీరు టైమ్‌లైన్‌లో (క్లిప్పులు వరసగా పేర్చే చోట) ఎక్కడైనా ఆగితే, ఆ ఒక్క బొమ్మ చూపించడానికి ప్రాసెసర్ వెనకాల ఉన్న పూర్తి ఫ్రేము దాకా వెళ్లి, అక్కణ్నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి. అందుకే ఫైలు చిన్నదైనా పని బరువే.

దీనికి మందు ప్రాక్సీ, అంటే అసలు క్లిప్పుకు తేలికపాటి నకలు. రిజాల్వ్ ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ సైజు 'క్వార్టర్' పెట్టండి. తెచ్చుకున్న క్లిప్పులు కనిపించే మీడియా పూల్‌లో అన్నీ ఎంచుకుని, రైట్ క్లిక్ చేసి 'జనరేట్ ప్రాక్సీ మీడియా' నొక్కండి. 3840×2160 క్లిప్పుకు 960×540 నకలు తయారవుతుంది. కటింగ్ అంతా ఆ నకలు మీదే చేయండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు 'యూజ్ ప్రాక్సీ మీడియా' టిక్ లేకుండా చూసుకుంటే అసలు ఫైలు నాణ్యతే వస్తుంది.

అపోహ: మాటా పెదవీ కలవడం లేదంటే సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా.

తేడా రికార్డింగ్‌లోనే ఉంది. ఫోన్‌లో సెకనుకు 30 ఫ్రేములని పెట్టినా, వెలుతురు తగ్గినప్పుడో ఫోన్ వేడెక్కినప్పుడో ఫ్రేముల వేగం అటూ ఇటూ అవుతుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు కావలసింది నిలకడ. మొదటి నిమిషంలో కనిపించని తేడా గంటసేపటి గృహప్రవేశం వీడియో చివరికొచ్చేసరికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఎడిటింగ్‌కు ముందే వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి, వీడియో ట్యాబ్‌లో ఫ్రేమ్‌రేట్ 30 ఎంచుకుని, 'పీక్' బదులు 'కాన్‌స్టంట్' పెట్టండి. క్వాలిటీని చూపే ఆర్‌ఎఫ్ అంకెను 18 దగ్గర ఉంచండి. కట్ చేశాక ఆడియోను ముక్కముక్కగా జరుపుతూ కూర్చోవడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

అపోహ: ట్యూబ్‌లైట్ల కింద పడే చారలు ఎడిటింగ్‌లో పోతాయి.

పూర్తిగా పోవడం కష్టం. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షూటింగ్‌లోనే కెమెరా షట్టర్ వేగం సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెడితే చారలు రావు. 1/60 పెట్టారా, వస్తాయి.

అపోహ: సినిమా పాట పది సెకన్లలోపు వాడితే కాపీరైట్ పడదు.

అలాంటి నియమమే లేదు. కాపీరైట్ పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ చిన్న ముక్కనైనా పట్టేయగలదు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది, అది వాడండి. మాట వినిపించే చోట సంగీతాన్ని మాట కంటే 18–20 డెసిబెల్స్ కిందికి దించండి. మాట పీక్ (అత్యధిక స్థాయి) మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఉంటే చాలు. సున్నా తాకి వేవ్ పైభాగం కోసేసినట్టు చదునుగా కనిపిస్తే, ఆ శబ్దాన్ని ఏ ఫిల్టరూ పూర్తిగా బాగుచేయలేదు. రికార్డు చేసేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి.

అపోహ: ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు తెలుగు రాదు, టైటిల్స్ ఇంగ్లిష్‌లో వేసుకోవాల్సిందే.

ఈ మాట నమ్మి అమ్మానాన్నల షష్టిపూర్తి వీడియోకు కూడా ఇంగ్లిష్ టైటిల్ వేస్తున్నారు. బాధగా ఉంటుంది. 'ప్రవేశం' అని టైప్ చేస్తే కంప్యూటర్ దాచుకునేది ప, పొల్లు, ర అని విడివిడిగా. వాటిని కలిపి వత్తుగా మార్చే పని సాఫ్ట్‌వేర్‌లోని టెక్స్ట్ ఇంజిన్‌ది. అది ఆ పని చేయకపోతే తెరమీద 'ప్‌రవేశం' అని పడుతుంది. ప్రీమియర్ ప్రోలో ప్రిఫరెన్సెస్, గ్రాఫిక్స్‌లోకి వెళ్లి 'సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్' ఎంచుకుని, టైటిల్ కొత్తగా వేసి చూడండి. మండలి, రామభద్ర, సురన్న వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్ల పద్ధతి వేరు. ఫోన్‌లో టైప్ చేసిన తెలుగును నేరుగా వాటిలో అతికిస్తే కుదరదు. ఏదీ పని చేయకపోతే టైటిల్‌ను వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా చేసుకుని పై ట్రాక్‌లో పెట్టండి. అక్షరం చెదరదు.

అపోహ: ప్రాజెక్ట్ సేవ్ చేశాం కాబట్టి ఫోన్‌లోని క్లిప్పులు తుడిచేయవచ్చు.

ప్రాజెక్ట్‌లో వీడియో ఉండదు. ఏ ఫైలు ఎక్కడుంది, ఎక్కడ కట్ చేశారు అన్న చిట్టా మాత్రమే ఉంటుంది. ఫోల్డర్ పేరు మార్చినా 'మీడియా ఆఫ్‌లైన్' అంటూ ఎర్రతెర వస్తుంది. ముందు క్లిప్పులన్నీ ఒకే ఫోల్డర్‌లోకి కాపీ చేసి, ఆ తర్వాతే టైమ్‌లైన్‌లోకి తెండి. పని ముగిశాక రిజాల్వ్ ప్రాజెక్ట్ మేనేజర్‌లో 'ఎక్స్‌పోర్ట్ ప్రాజెక్ట్ ఆర్కైవ్' ఇస్తే క్లిప్పులతో సహా ఒకచోట చేరతాయి. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుంటే ఫైలు పెద్దదని మొరాయిస్తే, ఆ పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. లోపల ఉన్నవి వేరేచోట దాచుకుని ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి.