చవుడు తట్టుకొనే వడ్లు: అపోహలు, వాస్తవాలు

కేసీ (కర్నూలు-కడప) కాలువ కింద ఏ ఊరికి పోయినా చివరి మళ్లలో కాస్తో కూస్తో చవుడు కనబడుతుంది. వరి వంగడాల పనిలో ఉన్నానని తెలియగానే రైతు అడిగేది ఒకటే: "చవుడుకు ఆగే వడ్లు ఉండాయంట గదా సార్, రెండు మూటలు ఇప్పీండి." ఉన్నాయి. కానీ నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: మడిలో నీళ్లు నిలిస్తే ఏ రంగులో ఉంటాయి?

అపోహ: చవుడంటే ఉప్పే, ఒక విత్తనం ఉంటే చాలు.

వాస్తవం: పాల చవుడు వేరు, కారు చవుడు వేరు. ఎండాకాలం పొద్దున్నే పైన తెల్లగా పేరుకొని, కాలు పెడితే పొడిపొడిగా అణిగేది పాల చవుడు. అందులో కరిగే లవణాలు ఎక్కువ. ఈసీ, అంటే లవణాలు ఎంత ఉన్నాయో చూపే విద్యుత్ వాహకత, మీటరుకు 4 డెసీసైమన్లు దాటుతుంది, క్షారగుణాన్ని చూపే పీహెచ్ మాత్రం 8.5 లోపే ఉంటుంది. కారు చవుడులో పీహెచ్ 8.5 దాటుతుంది, బంకమట్టిని సోడియం పట్టుకొని ఉంటుంది. దాంట్లో నిలిచిన నీళ్లు కాఫీ డికాక్షన్ మాదిరి ఉంటాయి.

మన పాత మిద్దెల మీద చవుడు మట్టి ఎందుకు పరిచేవాళ్లో గుర్తు చేసుకోండి. వాన పడగానే ఆ మట్టి రేణువులు విడిపోయి సందులన్నీ మూసేస్తాయి, చుక్క కిందికి దిగదు. మిద్దెను కాపాడే ఆ గుణమే వరి వేరుకు ఉరి. నీళ్లు ఇంకవు, గాలి ఆడదు, నేలలో జింకు ఉన్నా మొక్కకు అందదు. అందుకే బందరు వైపు సముద్రపు ఉప్పుకు నిలిచిన రకం ఇక్కడి కారు చవుడులోనూ నిలుస్తుందని చెప్పలేం. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ తీసిన సీఎస్‌ఆర్ రకాల్లో కొన్ని క్షార నేలల్లో, అంటే కారు చవుడులో, పరీక్షకు నిలిచాయి.

అపోహ: ఉప్పునీళ్లలో మొలకెత్తితే అది తట్టుకొనే రకమే.

వాస్తవం: మొదట్లో నేనూ ఇట్లాగే మోసపోయాను. పళ్లేలలో ఉప్పునీళ్లు పోసి, మొలకెత్తిన వాటిని చూసి సంబరపడ్డాను. రెండు మూడు ఆకులు వచ్చేసరికి సగానికి పైగా కొసల నుంచి చుట్టుకొని ఎండిపోయాయి. మొలకప్పుడు వరి గట్టిదే. లేత నారుగా ఉన్నప్పుడు బలహీనం, పిలకలు వేసేటప్పుడు కాస్త తేరుకుంటుంది, పొట్ట దశ నుంచి పూత దాకా మళ్లీ బలహీనం. ఆ రెండో దెబ్బ పైకి కనబడదు. చేను పచ్చగానే ఉంటుంది, వెన్ను బయటికి వస్తుంది, కోతకు పోతే అంతా తాలు.

ఇప్పుడు థర్మోకోల్ పలకకు నైలాన్ వల బిగించి, మొలకలను పోషక ద్రావణం మీద తేలించి, ఈసీని ముందు 6కు, తర్వాత 12కు పెంచుతాం. పక్కనే ఉప్పుకు తొందరగా లొంగిపోయే ఐఆర్ 29 అనే రకం పెడతాం. అది చచ్చిపోయే వేళకు మిగతావి ఎట్లా ఉన్నాయో చూసి 1 నుంచి 9 దాకా మార్కులు వేస్తాం. ఇందులో 1 వస్తేనే గొప్ప. కానీ ఇది నారు దశ పరీక్షే. ఉప్పును తట్టుకొనే కేరళ పాత వరి పొక్కాలి నుంచి వచ్చిన సాల్టాల్ అనే జన్యు భాగం పనిచేసేది కూడా ముఖ్యంగా ఈ దశలోనే. పూత దశకు వేరే జన్యువులు వెతకాల్సిందే.

రైతుకు పనికొచ్చే సంగతి ఇందులోనే ఉంది. నారు మంచి నేలలో పోసి, కాస్త ముదరనిచ్చి, కుదురుకు రెండు మొక్కలు ఎక్కువ పెట్టి నాటితే మొదటి గండం చాలావరకు నారుమడిలోనే గడిచిపోతుంది.

అపోహ: ఈ వరి ఉప్పును పీల్చేస్తుంది, అన్నం ఉప్పగా ఉంటుంది.

వాస్తవం: ఉండదు. తట్టుకోవడంలో పెద్ద భాగం సోడియంను పైకి రానీయకపోవడమే. వచ్చిన కాస్తనూ ముసలి ఆకుల్లోకి నెట్టేసి లేత ఆకును కాపాడుకుంటుంది. మరి వరి వేస్తే కారు చవుడు బాగుపడుతుందని పెద్దలు ఎందుకన్నారు? అదీ నిజమే. నిలిచిన నీళ్లలో వేర్లు వదిలే కార్బన్ డయాక్సైడ్ మన నేలల్లోని సున్నాన్ని కరిగిస్తుంది, అందులోంచి వచ్చిన కాల్షియం సోడియంను తోసేస్తుంది. కానీ ఆ తోసిన సోడియం బయటికి పోవడానికి మురుగు కాలువ ఉండాలి.

అపోహ: విత్తనం ఉంటే జిప్సం అక్కర్లేదు.

వాస్తవం: కారు చవుడుకు జిప్సం కావాలి, పాల చవుడుకు మంచినీళ్లతో కడగడం కావాలి. బోరు నీళ్లే కార్బొనేట్లతో ఉంటే ఎంత కడిగినా చవుడు పెరుగుతూనే ఉంటుంది. మట్టితో పాటు సీసాలో బోరు నీళ్లు కూడా పరీక్షకు తెండి.

అపోహ: ఇవన్నీ జన్యుమార్పిడి వడ్లు.

వాస్తవం: కావు. పైన చెప్పిన సీఎస్‌ఆర్ రకాలు సంకరం చేసి గానీ, పాత రకాల్లోంచి ఏరి గానీ తీసినవే. 2025 మేలో ప్రకటించిన పూసా డీఎస్‌టీ రైస్ 1 మాత్రం ఎంటీయూ 1010 అనే వరి రకంలోని ఒక జన్యువును సవరించి చేసినది. అందులోనూ బయటి జన్యువు లేదు.

చివరికి అందరూ వచ్చి ఆగేది ఒక్కచోటే: "ఆ గుణమేదో మన సోనాకే ఎక్కించండి సార్." ఆ సోనా, అంటే 1986లో బాపట్ల నుంచి వచ్చిన బీపీటీ 5204, చవుడు దగ్గర చాలా సుకుమారం. పొక్కాలితో కలిపితే గుణంతో పాటు ఎత్తు, పడిపోవడం, ఎర్ర బియ్యం కూడా వస్తాయి. వాటిని వదిలించడానికి మళ్లీ మళ్లీ సోనాతోనే సంకరం చేయాలి. పొద్దున్నే పువ్వు పైభాగం కత్తిరించి, ఆరు పుప్పొడి తిత్తులూ తీసేసి, వేరే పుప్పొడి దులిపి, సంచి తొడగాలి. అట్లా ఒక్కో వెన్నుకు దక్కేవి కొన్ని గింజలే. ఈలోగా మిల్లువాడు సన్న గింజ కాకపోతే ధర తగ్గిస్తాడు, రైతు చవుడు మడిలోనూ సోనానే నాటుతాడు. ఆయన్ను నేను తప్పుపట్టలేను.